తివాచీ వెలిసిపోయిన వైపు

"నేను కొట్టలేదు. పైగదిలోకి అసలు వెళ్ళనే లేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

లాకప్ ఊచల అవతల కూర్చున్న అమ్మాయి గొంతు బొంగురుపోయింది. నిన్న సాయంత్రం నుంచి అడిగినవాడికల్లా ఇదే మాట చెబుతోంది. వినేవాళ్ళు మారుతున్నారు గానీ నమ్మేవాళ్ళు మాత్రం దొరకడం లేదు.

ఊచల ఇవతల స్టూలు మీద కూర్చున్నావిడను ఆ స్టేషన్‌లో అందరూ 'అత్తగారు' అంటారు. ఆవిడకు కొడుకూ లేడు, కోడలూ లేదు, ఆ మాటకొస్తే పెళ్ళే కాలేదు. కానీ ఎక్కడికెళ్ళావు, ఎవరితో వెళ్ళావు, ఇంతసేపు ఏం చేశావు అని ఆవిడ ఆరా తీయడం మొదలెడితే ఎంతటి గజదొంగైనా కొత్తకోడలిలా నీళ్ళు నమలాల్సిందే. పోలీసులు వెటకారానికి పెట్టిన పేరు ఆవిడకే నచ్చి, ప్రైవేటు డిటెక్టివ్‌గా అదే ఖాయం చేసుకుంది. ఈ అమ్మాయి తరఫు వకీలు పొద్దున్నే ఫోన్ చేసి, "సాయంత్రం కోర్టులో నిలబెడతారు, ఈలోపు మీరేమైనా చేయగలిగితే చేయండి" అని బతిమాలితే వచ్చింది.

"నాకు చెప్పలేదుగా తల్లీ. ఒక్కసారి చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కొండల్లో మేకలు తోలుకుంటూ తిరిగే తెగ వాళ్ళది. ఉన్ని అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చి, తివాచీల కొట్టు అద్దంలో పెట్టిన ఫోటో చూసి అక్కడే ఆగిపోయింది.

"అది మా ముత్తవ్వ నేసిన తివాచీ."

"ఫోటో చూసే చెప్పేశావా?"

"మీ అమ్మ చేతిరాత మీరు గుర్తుపట్టరా? మధ్యలో మూడు చెరువులు. చుట్టూ తెల్లటి మేకకొమ్ములు. రెండు పక్కల అంచుల్లోనూ దువ్వెన గుర్తు. అది మా ఇంటి గుర్తు, ఇంకెవరూ వేయరు. ఆ చివరా ఈ చివరా ఒకేలా ఉంటుంది. గుడారంలో చుట్టం ఏ చివర కూర్చున్నా, తనని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారని అనుకోకూడదు కదా!"

కొట్టు పెద్దాయన ఆమెను గెంటెయ్యలేదు. లోపల కూర్చోబెట్టి మాట్లాడాడు. నిజమేనా అని చూసుకోవడానికి ముత్తవ్వ వాడిన ఇనప దువ్వెన తెమ్మన్నాడు. నేసేటప్పుడు పోగులు దగ్గరికి కొట్టే బరువైన దువ్వెన అది. తెచ్చి ఇచ్చింది. నిన్న మధ్యాహ్నం ఇంటికి వెళితే కింది హాల్లో కూర్చోబెట్టి, "తివాచీ నీదే. మోసుకెళ్ళడానికి మీ మామల్ని పిలుచుకురా" అన్నాడు.

"గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. నేను ఏడుస్తుంటే నవ్వాడు కూడా. ఆయన్ని నేనెందుకు కొడతాను?"

అత్తగారికి గుండె బరువెక్కింది. ఈ పిల్ల నిజం చెబుతోంది. కానీ పెద్దాయన మెట్ల కింద తల పగిలి దొరికాడు. పక్కనే రక్తపు మరకతో దువ్వెన ఉంది. ఆయన ఆసుపత్రిలో ఒంటిమీద స్పృహ లేకుండా పడున్నాడు. ఆ ప్రాణం గానీ పోయిందా, ఈ పిల్ల మీద హత్యకేసే!

"ఏం అత్తగారూ, కోడలు నచ్చిందా?"

వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు. ముప్పై అయిదు దాటని మనిషి. బూట్లలో మొహం చూసుకోవచ్చు, అంత మెరుగు. కేసులో కూడా అంత మెరుగు ఉంటే బావుండేదని అత్తగారి అభిప్రాయం.

"నచ్చింది అల్లుడుగారూ. మీ కేసే నచ్చలేదు."

"తివాచీ అడిగింది, ఇవ్వనన్నాడు, కొట్టింది. ఇందులో నచ్చకపోవడానికి ఏముంది?"

"ఇవ్వనన్నాడని ఎవరు చెప్పారు?"

"ఇంట్లోవాళ్ళు."

"అదే మరి. ఇంట్లోవాళ్ళని నేనూ ఓ మాట అడుగుతాను. మీరూ రండి, తోడుగా ఉంటారు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఈవిడ బోర్లా పడుతుంటే చూడాలన్న సరదా అతని మొహంలో స్పష్టంగా కనబడింది. అందుకే వచ్చాడు. వెంట ఒక కానిస్టేబుల్‌ని కూడా తెచ్చుకున్నాడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. పెద్దాయన తమ్ముడు, తమ్ముడి భార్య. పెద్దాయన భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే వ్యాపారం, ఒకే కొంప. ఇంటిని నడిపేది మరదలు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. అయినా వచ్చినవాళ్ళకు కుర్చీలు లాగింది, మంచినీళ్ళు తెచ్చింది.

"వెనక వంటింట్లో ఉన్నానండీ. ఆ పిల్ల అరుపులు వినబడ్డాయి. తర్వాత దబ్బుమని చప్పుడు. పరుగెత్తుకొచ్చేసరికి బావగారు మెట్ల కింద..." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిల్ల కనబడిందా?"

"పారిపోతుంటే వీపు కనబడింది."

"వెంటనే ఏం చేశారు?"

"ఈయనకి ఫోన్ చేశాను."

తమ్ముడు తలూపాడు. బొద్దుగా ఉండే మనిషి, చొక్కా చెమటకి తడిసిపోయి ఒంటికి అంటుకుంది. "నేను గోడౌన్‌లో ఉన్నాను. అక్కడ గుమస్తాలని అడగండి."

"అడిగాం. నిజమే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అత్తగారి వైపు చూస్తూ.

"తివాచీ ఎక్కడుంది?"

"పైగదిలో. భద్రంగా ఉంది. మొన్నటి నుంచి ఆ తలుపే తీయలేదు. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి అన్నయ్య నడుముకి," అంటూ తమ్ముడు జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. అది చెయ్యి జారి నేలమీద పడింది. తీసుకోవడానికి వంగబోయి, సగంలోనే ఆగిపోయాడు. మొహం మెలితిరిగింది. చొక్కా పైకి లేచినప్పుడు నడుముకు బిగించిన వెడల్పాటి పట్టీ కనబడింది.

"నడుం నొప్పా?" అడిగింది అత్తగారు గుత్తి అందిస్తూ.

"పాతదేనండీ."

పట్టీ మాత్రం కొత్తది. అంచున మందుల కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు. ఆ క్షణం నుంచి అత్తగారి కళ్ళు తమ్ముడిని వదల్లేదు.

అప్పుడే మరదలి ఫోన్ మోగింది. విని, గోడకి ఆనుకుంది. "నర్సు చేసింది. బావగారి చేతివేళ్ళు కదిలాయట! స్పృహ రావచ్చంటున్నారు. నేను వెళ్ళనా? మీరింకా ఏమైనా అడగాలా?"

అత్తగారు గబగబా లెక్క వేసుకుంది. ముసలాయన నోరు తెరిస్తే ఎవరికి ముప్పో వాళ్ళే ఆ మంచం దగ్గరికి పరుగెడతారు. తమ్ముడిని ఇక్కడ కట్టిపడేయాలి. "మీరు వెళ్ళండమ్మా. ఆయన కళ్ళు తెరిచేసరికి అయినవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. మీ ఆయన మాత్రం నాతో ఉంటారు."

మరదలు చెప్పులు వేసుకుని హడావుడిగా వెళ్ళిపోయింది. అత్తగారి మనసు కాస్త కుదుటపడింది.

"ఆసుపత్రిలో కాపలా ఉన్నాడుగా?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది మెట్లెక్కుతూ.

"ఎందుకు? నేరస్థురాలు నా లాకప్‌లో ఉంటే ఆసుపత్రిలో కాపలా దేనికి? పొద్దున్నే తీసేశాను."

అత్తగారికి చిరాకేసింది. పోనీలే, తమ్ముడు కళ్ళముందే ఉన్నాడు కదా అని సర్దుకుంది.

తమ్ముడు తాళం తీశాడు. పొడవాటి గది. ఒక చివర పెద్ద కిటికీ, మధ్యాహ్నపు ఎండ నేరుగా లోపలికి పడుతోంది. రెండో చివర చీకటి మూల, గోడకి ఆనించి పాతకాలపు కర్ర బీరువా. ఆ చివరనుంచి ఈ చివరదాకా నేలంతా తివాచీయే. చివరి భాగం బీరువా కిందకి వెళ్ళిపోయింది.

అత్తగారు చెప్పులు విడిచి తివాచీ మీద అడుగు పెట్టింది. అమ్మాయి చెప్పినట్టే ఉంది. నల్లబడిన ఎరుపు మీద మూడు నీలం చెరువులు. చుట్టూ మేకకొమ్ములు ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నట్టు. ఎక్కడా గీత గీసి నేసినట్టు లేదు, ఒక చెరువు కాస్త పక్కకి ఒరిగింది, ఒక కొమ్ము లావుగా ఉంది. ఎవరో ఒకావిడ పిల్లల్ని చూసుకుంటూ, మేకల్ని అదిలిస్తూ, జ్ఞాపకంలోంచి నేసుకుంటూ పోయిన పని.

"చూశారుగా, వెళ్దామా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

"ఉండండి."

కిటికీ దగ్గర ఆవిడ కుడికాలి బొటనవేలు గుంటలో పడింది. ఒత్తుగా ఉన్న ఉన్ని అక్కడ మాత్రం నొక్కుకుపోయి అట్టకట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమింది. ఇంకొకటి. ఇంకో రెండు. నాలుగు గుంటలు, దీర్ఘచతురస్రంగా.

"ఈ కిటికీ కింద ఎప్పుడైనా బీరువా ఉండేదా?"

తమ్ముడు పెదాలు తడుపుకున్నాడు. "లేదు. బీరువా ఎప్పుడూ ఆ మూలే. నాన్నగారి హయాం నుంచి."

"మరి దాని కాళ్ళ గుర్తులు ఇక్కడెందుకున్నాయి?"

అత్తగారు లేచి తివాచీని ఆ చివరనుంచి ఈ చివరదాకా మళ్ళీ చూసింది. ఈసారి బొమ్మల్ని చూడలేదు, రంగుని చూసింది. కిటికీ దగ్గర ఎరుపు నిన్న అద్దినట్టు ముదురుగా ఉంది. బీరువా వైపు పోతున్నకొద్దీ పాలిపోయి ఇటుకపొడిలా మారింది.

"అల్లుడుగారూ, బట్ట ఎండలో వేస్తే వెలుస్తుందా, నీడలో వేస్తే వెలుస్తుందా?"

"ఇదేం ప్రశ్న?"

"ఏళ్ళ తరబడి కిటికీ ఎండ పడ్డ వైపు చీకటి మూలలో ఉంది. చీకట్లో ఉన్న వైపు ఎండలోకి వచ్చింది. దీన్ని ఎవరో తిప్పేశారు. రెండు చివర్లా డిజైన్ ఒకటే కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నారు. చూసినవాళ్ళకి నిజంగానే తెలియదు."

"దులపడానికి తీసి తిప్పి పరిచి ఉంటారు."

"మొన్నటి నుంచి తలుపే తీయలేదన్నారు కదా! గుంటలు చూడండి, ఉన్ని ఇంకా ఏమాత్రం లేవలేదు. టార్చి ఉందా?"

కానిస్టేబుల్ ఇచ్చాడు. అత్తగారు బోర్లా పడుకుని బీరువా కిందకి వెలుగు వేసింది. లోపల మేకకొమ్ములు వరసగా కనబడ్డాయి. తెల్లగా ఉండాల్సినవి అరచేయి మేర గోధుమరంగులోకి తిరిగి, ఉన్ని ముద్దకట్టి గట్టిపడి ఉంది. ఎవరో తడిగుడ్డతో తుడవబోయి ఇంకా పాముకున్నారు. పాత ఉన్ని వాసన మధ్యలోంచి పచ్చి వాసనొకటి ముక్కుకి తగిలింది.

"మీరే చూడండి."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక అతని మొహంలో నవ్వు లేదు గానీ పట్టు మాత్రం వదల్లేదు. "సరే. పైన కొట్టింది. కిందకి ఈడ్చింది. తివాచీ తిప్పింది."

"బీరువా?"

"అదీ జరిపింది! కొండల్లో పెరిగిన పిల్ల, బలం ఉండదా? చూడండి." అతను బీరువాని కౌగలించుకుని ఎత్తబోయాడు. కదల్లేదు. కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ ప్రయత్నించాడు. మెడనరాలు పొంగాయి, బీరువా మాత్రం ఉలకలేదు, పలకలేదు. కానిస్టేబుల్ వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. అప్పుడు లేచింది, అదీ మూలుగుతూ.

"ఇద్దరు కావాలి," అంది అత్తగారు నెమ్మదిగా. "అందులో ఒకరి నడుం పట్టేసి ఉండొచ్చు కూడా."

తమ్ముడు గోడ పట్టుకున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈయన గోడౌన్ నుంచి ఎప్పుడు బయల్దేరారు?"

"ఒంటిగంటకి."

"ఆంబులెన్సుకి ఫోన్ ఎప్పుడు వెళ్ళింది?"

అతను ఆలోచించి, చిన్నగా అన్నాడు. "రెండు కావస్తుండగా." ఆ మాట అన్నాక తమ్ముడి వైపు తిరిగాడు. ఈసారి పోలీసు కళ్ళతోనే చూశాడు. "గోడౌన్ ఈ వీధి చివరే. అంతసేపూ ఏం చేశావు?"

"నేను కొట్టలేదు!" తమ్ముడు కిందకి జారి కూర్చున్నాడు. "మా అన్నయ్యని నేను కొట్టలేదు. నేను వచ్చేసరికే ఇక్కడ పడున్నాడు. చచ్చిపోయాడనుకున్నాను. ఇక్కడ దొరికితే తాళంచెవి ఉన్న మన మీదికే వస్తుందంది. పట్టుకోండి అంది, పట్టుకున్నాను. బీరువా ఎత్తాను. అన్నయ్యని కిందకి మోశాను. మెట్ల మీద ఆయన మూలిగాడు. అప్పుడు తెలిసింది, ప్రాణముందని. అప్పుడు కూడా కాస్త ఆగుదాం అంది. నేనే వినకుండా ఆంబులెన్సుకి చేశాను."

"అంది, అంది అంటున్నావు. ఎవరు?"

ప్రశ్న పూర్తయ్యేలోపే అత్తగారికి అర్థమైంది. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు గనక?

"నేను వచ్చేసరికి దువ్వెన ఇంకా మా ఆవిడ చేతిలోనే ఉంది," అన్నాడు తమ్ముడు మొహం కప్పుకుని.

నేనే పంపాను, అనుకుంది అత్తగారు. వెళ్ళమ్మా, అయినవాళ్ళు పక్కనుండాలని చెప్పి మరీ పంపాను.

"ఆసుపత్రికి ఫోన్ చేయండి! వార్డుకి!" అంటూ ఆవిడ చెప్పులు కూడా మరిచిపోయి మెట్లు దిగింది. వెనకాల తమ్ముడి రెక్క పట్టుకుని కానిస్టేబుల్, చెవి దగ్గర ఫోన్‌తో ఇన్‌స్పెక్టర్. "మోగుతోంది. ఎవరూ తీయడం లేదు." జీపులో మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది. దారికి అడ్డంగా ఒక లారీ వెనక్కి తిరుగుతోంది. డ్రైవరు హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. అత్తగారు ముందు సీటు కమ్మీని పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఇన్‌స్పెక్టర్‌ని ఒక్కమాట అనలేదు. కాపలా తీసేసింది అతనే. కానీ మనిషిని పంపింది తను.

వార్డు బయట కుర్చీలో నర్సు కూర్చుని ఉంది. వీళ్ళ పరుగు చూసి లేచింది. "మరదలుగారు లోపలే ఉన్నారండీ. పాపం, పొద్దున్నించి తిరుగుతున్నావు, కాసేపు కూర్చోమ్మా, నేను చూసుకుంటాను అని నన్ను బయటికి..."

అత్తగారు తలుపు తోసింది.

లోపల ఏ అలజడీ లేదు. పెద్దాయనని తలగడకి ఆనించి కాస్త పైకి లేపి ఉంచారు. మరదలు మంచం అంచున కూర్చుని, ఒక చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు వంచుతోంది. పసిపిల్లలకి తాగించినంత ఓపిగ్గా. నీళ్ళు ఆయన నోట్లోకి పోతున్నాయి, పెదాల పక్కనుంచి కారుతున్నాయి. ఆయన మొహం నీలంగా తిరుగుతోంది.

"నోటికేమీ పెట్టకూడదని చెప్పాను కదండీ! మింగలేరు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి!" నర్సు కేక వేసింది.

అత్తగారు గ్లాసు మీద చెయ్యి విసిరింది. అది గోడకి తగిలి పగిలింది. నర్సు పెద్దాయనని పక్కకి దొర్లించి వీపు మీద చరిచింది. గొట్టం లాగి నోట్లో పెట్టింది. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. గొంతులో గురగురమన్న శబ్దం తప్ప గదిలో ఇంకేమీ వినబడలేదు. ఆ శబ్దం ఆగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

"దాహమని ఆయనే అడిగారు," అంది మరదలు. గొంతులో తొణుకు లేదు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు.

"పైగదికి వెళ్ళొచ్చాం," అన్నాడతను. "బీరువా ఎత్తి చూశాం."

అప్పుడు ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. "చూశారుగా, ఎంత బావుందో! ముప్పయ్యేళ్ళుగా దాన్ని దులిపింది నేను. పురుగు పట్టకుండా కాపాడింది నేను. అక్కయ్య పోయాక బావగారికి జ్వరమొస్తే రాత్రుళ్ళు కూర్చున్నదీ నేనే. నాకు ఏనాడూ ఇది నీది అని ఒక్క గుడ్డముక్క ఇవ్వలేదు. నిన్న గాక మొన్న వచ్చిన పిల్లకి ఇచ్చేశాను, చుట్టిపెట్టమ్మా అన్నారు. నాతో! చుట్టిపెట్టమని నాతోనే చెప్పారు."

"అడగాల్సింది," అంది అత్తగారు.

"అడిగితే ఇస్తారా ఎవరైనా?"

మంచం మీద దగ్గు వినబడింది. బలహీనంగా, తర్వాత గట్టిగా. నర్సు నుదుటి చెమట తుడుచుకుని తలూపింది. పెద్దాయన రొమ్ము పైకీ కిందకీ కదిలింది. కళ్ళు సగం తెరిచాడు. చూపు ముందు మరదలి మీద పడింది. ఆయన దుప్పటిని పట్టుకుని గోడ వైపుకి జరగబోయాడు. ఆ భయం ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఇంక ఆయన్ని ఏమీ అడగలేదు. మరదలిని బయటికి తీసుకుపొమ్మని కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

ఆవిడ వెళ్ళాక పెద్దాయన పెదాలు కదిలాయి. అత్తగారు చెవి ఒగ్గింది.

"ఆ పిల్ల... వాళ్ళ మామలు వచ్చారా?"

అత్తగారు తలెత్తి ఇన్‌స్పెక్టర్‌ని చూసింది. జవాబు చెప్పాల్సినవాడు అతనే. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, మంచం దగ్గరికొచ్చి వంగాడు.

"వస్తారండీ," అన్నాడు. "ఆ అమ్మాయి మా దగ్గరే ఉంది. నేనే వెళ్ళి తీసుకొస్తాను."